తీర్పు వచ్చాక ఆ ఒక్క ఏడాది

శుభమా అని సంచిక వేస్తుంటే విడాకుల మాటేమిటని కొందరికి అనిపించవచ్చు. అయినా, కుటుంబ చట్టం కేసుల్లో పనిచేసే నన్ను సంచిక కమిటీవారు రాయమన్నప్పుడు నాకు తోచింది ఇదే. అమెరికా సైన్యంలో మన పిల్లలు ఉన్నారంటే అందరికీ గర్వమే. 2009లో విదేశీయులు సైన్యంలో చేరే వీలిచ్చిన మావ్నీ పథకం కింద చేరి కొనసాగుతున్నవారికి 2029లో ఇరవై ఏళ్ల సర్వీసు నిండుతుంది, పింఛను వస్తుంది. ఆ పింఛను వెనుక ఊరూరా బదిలీలకు ఇల్లు సర్దిన భార్య కష్టం కూడా ఉంది.

విడాకుల్లో సైనిక పింఛను పంచే అధికారం రాష్ట్రాల కోర్టులకు లేదని 1981లో అమెరికా సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాదే కాంగ్రెస్ చట్టం చేసి ఆ అధికారం ఇచ్చింది. వాటా ఎంతన్నది కోర్టు ఇష్టం. పదేళ్ల కాపురం, అదే కాలంలో పదేళ్ల సర్వీసు ఉంటే డీఫాస్ అనే జీతాల కార్యాలయం వాటాను నేరుగా పంపుతుంది. పదేళ్లు నిండలేదని వాటా పోదు. అప్పుడు దాన్ని మాజీ భర్తే చెల్లించాలి.

అసలు భయం వేరే ఉంది. మా పెద్దమ్మ కూతురికి వాటా నెలనెలా సక్రమంగానే వచ్చేది. ఆయన పోగానే ఆగిపోయింది. పింఛను ఆయన ప్రాణంతోనే ముగుస్తుంది. ఆ తర్వాత మాజీ భార్యకు అందాల్సింది సర్వైవర్ బెనిఫిట్ ప్లాన్, అంటే ఎస్‌బీపీ. అది పింఛనులో ఆధారంగా ఎంచుకున్న మొత్తంలో 55 శాతం. అక్క తీర్పులో ఆ మాట ఉంది కూడా. కానీ విడాకులైన ఏడాదిలోగా ఆయన డీఫాస్‌లో నమోదు చేయలేదు. అలాంటప్పుడు కోర్టు ఉత్తర్వు తేదీ నుంచి ఏడాదిలోగా ఆమే స్వయంగా అడగవచ్చని అక్కకు ఆమె లాయరు చెప్పనేలేదు. వాటా కోసం తీర్పు నకలు ముందే పంపాం కదా అనుకుంది. అది చాలదు. ఎస్‌బీపీకి ఫారం వేరు, 2656-10. కోర్టు ధ్రువీకరించిన నకలు జతచేసి, రసీదు వచ్చేలా పంపి, నమోదైందని జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. ఎస్‌బీపీకి పదేళ్ల నిబంధన లేదు. యాభై అయిదేళ్లలోపు మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం చెల్లింపు ఆగుతుంది.

హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు భారతదేశంలో 2005 కేంద్ర చట్టంతో వచ్చింది. మన తెలుగునాట పెళ్లికాని కూతుళ్లకు 1985 నుంచే ఉంది. అలాంటి గడ్డ మీద పుట్టిన ఆడపడుచులు ఇక్కడ తమ హక్కు అడగడానికి మొహమాటపడకూడదు. పెద్దలూ పరువు పేరు చెప్పి వాళ్ల నోరు నొక్కకండి. మీ ఎరుకలో ఎస్‌బీపీ మాట ఉన్న తీర్పు ఎవరికైనా వచ్చి ఇంకా ఏడాది నిండకపోతే, ఈ వారమే కూర్చోబెట్టి ఆ ఫారం పంపించండి.