హరితరేణువులోకి ప్రొటీన్ల దారి

గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి చక్కెర తయారీకి అందించే ప్రొటీన్ రూబిస్కో. మొక్కల్లో ఎనిమిది పెద్ద ముక్కలు, ఎనిమిది చిన్న ముక్కలు కలిస్తేనే ఒక రూబిస్కో. పెద్ద ముక్క హరితరేణువులోనే తయారవుతుంది. చిన్న ముక్క జన్యువు మాత్రం కేంద్రకంలో ఉంది. బయట కణద్రవ్యంలో తయారై, రెండు పొరలు దాటి అది లోపలికి రావాలి.

హరితరేణువు ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియం. కణంలో చేరాక దాని జన్యువుల్లో చాలావరకు కేంద్రకానికి తరలిపోయాయి. ఇప్పుడు దానికి వేల రకాల ప్రొటీన్లు కావాలి, సొంతంగా చేసుకోగలిగేవి వంద లోపే.

ఆ చిన్న ముక్క మొదట కాస్త పొడుగ్గా తయారవుతుందనీ, బఠాణీ హరితరేణువుల్లోకి చేరాక అదనపు భాగం తెగిపోతుందనీ 1978లో ప్రయోగశాలలో తేలింది. ఆ అదనపు భాగమే చిరునామా. బయటి పొర మీది టాక్ అనే ప్రొటీన్ల సముదాయం దాన్ని గుర్తుపడుతుంది, లోపలి పొరలోని టిక్ అందుకుంటుంది. సూది బెజ్జంలోకి దారం ఎక్కించినట్టు, ప్రొటీన్ ముడత విప్పుకుని సన్నగా దూరాలి. లోపలున్న సహాయక ప్రొటీన్లు కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి దాన్ని లాక్కుంటాయి. టాక్‌లో భాగమైన టాక్159 లోపించిన అరబిడాప్సిస్ అనే మొక్క మొలకలు తెల్లగా పాలిపోతాయి, మట్టిలో నాటితే బతకవు.

రూబిస్కో ముక్కకు ప్రయాణం అక్కడితో సరి. ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోసయనిన్ ఇంకా లోపలికి, థైలకాయిడ్ సంచుల్లోకి వెళ్లాలి. అందుకే దానికి రెండు చిరునామాలు, ఒకదాని వెనక ఒకటి. మొదటిది తెగాకే రెండోది బయటపడుతుంది. ప్లాస్టోసయనిన్ సెక్ అనే దారిలో, మళ్లీ విప్పుకునే వెళుతుంది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది థైలకాయిడ్‌లోకి వెళ్లే మరో దారి, టాట్. నీటిని విడగొట్టే యంత్రానికి తోడుండే ఒక ప్రొటీన్ ఇక్కడ పూర్తిగా ముడుచుకున్న రూపంలోనే పొర దాటుతుంది! దీనికి ఏటీపీ అక్కర్లేదు. వెలుతురు పడ్డప్పుడు పొరకు అటూఇటూ ఏర్పడే ప్రోటాన్ల తేడాయే దాన్ని నడిపిస్తుంది. అంటే ఆ తేడాను పుట్టించే యంత్రానికి కావలసిన భాగం ఆ తేడా సాయంతోనే లోపలికి చేరుతోంది. దాని చిరునామాలో పక్కపక్కనే రెండు ఆర్జినిన్ అమైనో ఆమ్లాలుంటాయి. వాటిని మారిస్తే ఈ దారి మూసుకుపోతుంది.

సెక్, టాట్ దారులు నేటి బాక్టీరియాల్లోనూ ఉన్నాయి. హరితరేణువుకు అవి పూర్వీకుల నుంచి వచ్చాయి. బయటి ద్వారం కథ వేరు. అందులో రంధ్రంగా పనిచేసే టాక్75 బాక్టీరియా నుంచి వచ్చిందే అయినా, చిరునామా చదివే ప్రొటీన్లు ఈ సహజీవనం మొదలయ్యాక కొత్తగా వచ్చి చేరినవి.