బాలనటి నుంచి నిర్మాత దాకా: సి. కృష్ణవేణి సినీ ప్రస్థానం

బాలనటులుగా ప్రేక్షకుల అభిమానం పొందినవారిలో, పెద్దయ్యాక కూడా సినిమా రంగంలో స్థిరపడినవారు ఏ దేశంలోనైనా తక్కువగానే కనిపిస్తారు. పిల్లల వేషాలకు వయసు దాటిపోయి, నాయికా నాయకుల వేషాలకు వయసు రాని ఆ నడిమి కాలంలో అవకాశాలు తగ్గడమే ఇందుకు ప్రధాన కారణం. గోదావరి సీమలోని పంగిడిలో 1924 డిసెంబరు 24న జన్మించిన సి. కృష్ణవేణి ఆ కాలాన్ని దాటి, నాయికగా, గాయనిగా, చివరకు నిర్మాతగా ఎదిగిన తీరు తెలుగు సినిమా తొలినాళ్ల పరిస్థితులను కూడా తెలియజేస్తుంది.

కాకినాడకు చెందిన దర్శకుడు సి. పుల్లయ్య 1936లో కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ కోసం ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అనే రెండు చిన్న చిత్రాలను పూర్తిగా పిల్లలతోనే తీసి, రెండింటినీ ఒకే ఆటగా ప్రదర్శించారు. అప్పటికి నేపథ్య గానం, అంటే ఒకరు పాడిన పాటకు మరొకరు తెరపై పెదవులు కదిపే పద్ధతి, తెలుగులో రాలేదు కనుక నటించే పిల్లలే గొంతెత్తి పాడవలసి వచ్చేది. అందువల్ల నిర్మాతలు రంగస్థలం మీద రాగం, తాళం, ఉచ్చారణ నేర్చిన పిల్లల కోసం వెతికేవారు. నాటకాల్లో అనుభవం సంపాదించిన కృష్ణవేణికి అనసూయ పాత్ర దక్కింది. స్టూడియో వసతులు తెలుగునాట అప్పుడప్పుడే మొదలవుతుండగా, రాజమండ్రిలో దుర్గా సినీటోన్ ఆ సంవత్సరమే చిత్ర నిర్మాణానికి దిగింది. అందుచేత గోదావరి జిల్లాల కళాకారులు వేషం కోసం రైలెక్కి కలకత్తా వరకు వెళ్లడం ఆనాడు సాధారణమే.

‘సతీ అనసూయ’లోనే గంగ పాత్ర ధరించిన రావు బాలసరస్వతీదేవి జీవితం మరో దారిలో నడిచింది. 1928లో పుట్టిన ఆమె, ఆకాశవాణిలో లలిత సంగీతానికి, సినిమాలో నేపథ్య గానానికి తెలుగులో తొలితరం గాయనిగా పేరుపొంది, 1944లో తూర్పు గోదావరిలోని కోలంక సంస్థానాధీశుడిని వివాహమాడిన తర్వాత క్రమంగా చిత్రసీమకు దూరమయ్యారు. కృష్ణవేణి కూడా జమీందారీ కుటుంబంలోనే అడుగుపెట్టినా, ఆమె భర్త మీర్జాపురం రాజా స్వయంగా చిత్ర నిర్మాత. ఆయన ఆధ్వర్యంలోని శోభనాచల స్టూడియో మద్రాసులో ప్రముఖ చిత్ర నిర్మాణ కేంద్రంగా నడిచింది. పెళ్లితో ఒకరికి వెండితెర దూరమవుతూ రాగా, మరొకరికి స్టూడియోయే ఇల్లయింది.

శోభనాచల వారి ‘గొల్లభామ’ (1947) చిత్రానికి కృష్ణవేణిని బాలనటిగా పరిచయం చేసిన పుల్లయ్యే దర్శకుడు. అందులో ఆమె నాయికగా నటించగా, పెద్దాపురానికి చెందిన అంజలీదేవికి ఆ చిత్రం గుర్తింపు తెచ్చింది. నటన, గానం తెలిసిన వ్యక్తి నిర్మాణ వ్యవహారాలను కూడా దగ్గరగా చూసే అవకాశం దొరకడంతో, కృష్ణవేణి తన కుమార్తె పేరులోని అక్షరాలతో ఎం.ఆర్.ఎ. ప్రొడక్షన్స్ సంస్థను నెలకొల్పారు. శరత్‌చంద్ర ఛటర్జీ బెంగాలీ నవల ‘విప్రదాస్’ ఆధారంగా, స్వాతంత్ర్యోద్యమ నేపథ్యంలో ఆ సంస్థ నిర్మించిన ‘మనదేశం’ 1949 నవంబరు 24న విడుదలైంది. ఏలూరు ప్రాంతానికి చెందిన ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించగా, ఘంటసాల సంగీతం సమకూర్చగా, నందమూరి తారక రామారావు పోలీసు అధికారి పాత్రలో తొలిసారి తెరపై కనిపించారు. ఆమె నిర్మించిన ‘దాంపత్యం’ (1957) సంగీత దర్శకుడు రమేష్ నాయుడిని తెలుగు ప్రేక్షకులకు పరిచయం చేసింది. 2004 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య పురస్కారం పొందిన కృష్ణవేణి, నూరేళ్లు నిండాక 2025 ఫిబ్రవరి 16న హైదరాబాదులో కన్నుమూశారు.

కృష్ణవేణి బాలనటిగా ఉన్న కాలంలోనే హాలీవుడ్ బాలనటుల అనుభవం పిల్లల సంపాదనకు రక్షణ ఎందుకు అవసరమో చూపింది. చార్లీ చాప్లిన్ ‘ది కిడ్’ (1921)తో ప్రసిద్ధుడైన జాకీ కూగన్, యుక్తవయసు వచ్చేసరికి తన సంపాదనలో అధిక భాగం తల్లి, సవతి తండ్రి చేతుల్లో ఖర్చయిపోయిందని తెలుసుకొని 1938లో కోర్టుకెక్కగా, మరుసటి సంవత్సరమే బాలనటుల ఆదాయంలో కొంత భాగాన్ని వారి కోసం దాచిపెట్టే చట్టాన్ని కాలిఫోర్నియా రాష్ట్రం చేసింది. మరోవైపు, బాలసరస్వతీదేవి పుట్టిన సంవత్సరమే జన్మించిన షిర్లీ టెంపుల్, ఇరవై రెండో ఏట సినిమాలు మాని, తర్వాత ఘనా, చెకోస్లోవేకియా దేశాల్లో అమెరికా రాయబారిగా పనిచేశారు. నటన మానుకోవడమే ఓటమి కాదని, చేతిలో డబ్బు, చదువు, మరో రంగంలోకి వెళ్లే వీలు ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న అని ఈ రెండు జీవితాలు చెబుతాయి.

భారతదేశంలో బాలకార్మిక నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలు చదువుకు భంగం కలగకుండా నటించడానికి మినహాయింపు ఇచ్చింది. 2017 నాటి నిబంధనల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి. పిల్లవాడిచేత రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయం చేసిన బ్యాంకులో పిల్లవాడి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి.

కృష్ణవేణి బాలనటిగా ఉన్న రోజుల్లో ఇలాంటి రక్షణలేవీ లేవు. ఆమె ఎదుగుదలకు ప్రతిభ ఎంత కారణమో, నేర్చిన విద్యను ఉపయోగించుకునే సంస్థ ఇంట్లోనే ఉండటం కూడా అంతే కారణం. అటువంటి అనుకూలత అందరు పిల్లలకూ దొరకదు. కనుక నేడు పిల్లలను సినిమాలకు, టీవీ ధారావాహికలకు పంపే తల్లిదండ్రులు ఈ నిబంధనలను తెలుసుకొని, బడి మానిపించకుండా, వారి పేరిట జమ కావలసిన సొమ్మును తప్పక జమ చేయించాలి.