వృద్ధాప్యమున వైద్యవ్యయము: చేవెళ్ల, మొయినాబాదు పెద్దలు ఏ రక్షణను ఎన్నుకొనవలెను?

ఆయుర్వేదమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. చరకాచార్యులు సూత్రస్థానము తొమ్మిదవ అధ్యాయమున రోగికి చెప్పిన గుణములలో ధనము లేదు. జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించుట, భయపడకుండుట, తన రోగమును ఉన్నదున్నట్లు తెలుపగలుగుట, ఇవియే ఆయన చెప్పినవి. తరువాతి కాలపువాడైన వాగ్భటుడు మాత్రము అష్టాంగహృదయము మొదటి అధ్యాయముననే రోగి గుణములను చెప్పుచు 'ఆఢ్యుడు' అను మాటను ముందు నిలిపినాడు. ఆఢ్యుడనగా ధనము కలవాడు. గురుకులమున ఆ భాగమును వల్లించునాడు మాకది కటువుగా తోచెడిది. పేదవానికి చికిత్స లేదా అని సహాధ్యాయి ఒకడు అడుగగా గురువుగారు, "వాగ్భటుడు ఇక్కడ ధర్మము చెప్పలేదు నాయనా, లోకము తీరు చెప్పినాడు" అన్నారు.

లోకము తీరు నేడు మరింత స్పష్టముగా కనబడుచున్నది. గుండె రక్తనాళములో స్టెంటు వేయించుట, విరిగిన తుంటికి శస్త్రచికిత్స, మూత్రపిండములు చెడినవారికి డయాలసిస్, ఇవి కషాయములతోను లేహ్యములతోను తీరునవి కావు. తీరునని చెప్పువానిని నమ్మవద్దు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో బిజాపూరు రోడ్డు వెంట భూమికి ధర వచ్చినది. అందుచేత ఇంటి పెద్ద ఆసుపత్రిలో చేరగానే "పది గుంటలు అమ్మివేయుదము" అను మాట మొదట వచ్చుచున్నది. తొందరలో అమ్మిన భూమికి సగము ధర కూడ రాదు. తరువాత విచారించగా ఆ ఇంటిలోనే ఆ చికిత్సకు చెల్లెడి కార్డు బియ్యపు డబ్బా మీద పడియున్నదని తెలిసిన సందర్భములను నేను చూచియున్నాను. కనుక క్రొత్త రక్షణను కొనుటకు ముందు, తమకు ఇదివరకే ఉన్నదేమో తెలిసికొనుట మొదటి పని.

ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురము, మహబూబ్‌నగర్, శ్రీకాకుళము జిల్లాలలో ప్రారంభమై, ఆ సంవత్సరము చివరనే మన రంగారెడ్డి జిల్లాకు వచ్చినది. తెలంగాణ ప్రభుత్వము 2021లో కేంద్రము వారి ఆయుష్మాన్ భారత్‌ను దీనితో జోడించినది. 2023 డిసెంబరు 9 నుండి కుటుంబమునకు సంవత్సరమునకు 10 లక్షల రూపాయల వరకు చికిత్స లభించుచున్నది. ప్రీమియము లేదు. ఇదివరకే ఉన్న వ్యాధి అను అభ్యంతరము లేదు. వయఃపరిమితి లేదు. అరువది దాటిన మనిషికి ఈ మూడు సౌకర్యములు కలిసి ఏ ప్రైవేటు బీమాలోను దొరకవు. పరీక్షలు, శస్త్రచికిత్స, మందులు, ఆసుపత్రిలో భోజనము, తిరిగి ఇంటికి చేరుటకు బస్సు చార్జీ ఇందులోనివే.

దీనికి ఆధారము ఆహార భద్రతా కార్డు. గ్రామములలో కుటుంబ వార్షికాదాయము లక్షన్నర, పట్టణములలో రెండు లక్షలు మించరాదు. భూమి మాగాణి అయినచో మూడున్నర ఎకరములు, మెట్ట అయినచో ఏడున్నర ఎకరములు దాటరాదు. ఇక్కడ పెద్దలు గమనింపవలసిన చిక్కు ఒకటి కలదు. కొడుకులు వేరుపడినప్పుడు కార్డులు విడిపోవును. 2025లో క్రొత్త కార్డులు ఇచ్చినప్పుడు ఎన్నో ఇండ్లలో ఈ మార్పులు జరిగినవి. పెద్దవాని కార్డు నుండి తల్లి పేరు తీసివేసి, చిన్నవాని కార్డులో చేర్చుట మరచినచో ఆ తల్లి ఏ కార్డులోను లేనట్లే. బియ్యము అందుచున్నంత కాలము ఎవరును దీనిని పట్టించుకొనరు. ఆసుపత్రి గుమ్మమున గాని బయటపడదు. రేషను డీలరు వద్దనో మీసేవలోనో ఇంటిలోని ప్రతి పెద్ద పేరును ఈ నెలలోనే చూపించుకొనుడు. ఆధార్‌లో పేరు ఒక విధముగా, కార్డులో మరొక విధముగా ఉన్నచో దిద్దించుకొనుడు.

అయితే ఆరోగ్యశ్రీ అన్నిటికిని చెల్లదు. 1,800కు పైగా చికిత్సలు గల జాబితాలో ఉన్నవాటికే, నెట్‌వర్కులో ఉన్న ఆసుపత్రులలోనే, ట్రస్టు అనుమతి పొందిన పిదపనే వర్తించును. ప్రాణాపాయమున మాత్రము ముందు చేర్చుకొని ఫోను ద్వారా అనుమతి పొందు ఏర్పాటు కలదు. మన ప్రాంతమున మొయినాబాదు మండలములో భాస్కర వైద్య కళాశాల ఆసుపత్రి, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నవి. దేనిలో ఏ చికిత్స ఈ పథకము క్రింద చేయుచున్నారో మారుచుండును గనుక 104కు ఫోను చేసి గాని, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గాని అడుగవలెను. 2025లో బకాయిల విషయమై ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలను నిలిపివేసిన రోజులు కూడ ఉన్నవి. అట్టి సమయమున గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల త్రోవ తెలిసియుండుట మంచిది.

ఇంకొక మాట. మన శాస్త్రమున వ్యాధులను సాధ్యములు, కృచ్ఛ్రసాధ్యములు, యాప్యములు, అసాధ్యములు అని విభజించినారు. యాప్యమనగా పూర్తిగా పోవునది కాదు, పథ్యముతోను మందుతోను అదుపులో ఉంచవలసినది. నేటి వృద్ధులలో మధుమేహము, రక్తపోటు, కీళ్లవాతము ఎక్కువగా ఈ కోవలోనివే. రక్షణ పథకములన్నియు ప్రధానముగా ఆసుపత్రిలో పడుకొనువాని కొరకు ఏర్పడినవి. యాప్యవ్యాధికి నెలనెల కొను మాత్రల ఖర్చు వాటిలో రాదు. కాని ఏడాదిలో ఇంటిని మెల్లగా తినివేయునది ఆ ఖర్చే. దీనికి దారి బీమా కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చక్కెర, రక్తపోటు మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. జనౌషధి దుకాణములలో అవే మందులు తక్కువ ధరకు దొరకును. జొన్నరొట్టె, మెంతులు, ఉదయపు నడక వీటికి తోడు మాత్రమే, మందులకు బదులు కాదు. చక్కెర తగ్గినదని తామే మాత్రలు మానివేయువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

భూమి పరిమితి దాటుటచే కార్డు లేని రైతుల మాట చూతము. పదెకరముల మెట్ట ఉన్నంత మాత్రమున చేతిలో రొక్కము ఉన్నట్లు కాదు. వీరిలో 70 ఏండ్లు నిండినవారికి కేంద్ర ప్రభుత్వము 2024 అక్టోబరు 29న ఒక అవకాశము కల్పించినది. ఆదాయముతో నిమిత్తము లేకుండ 'ఆయుష్మాన్ వయవందన' కార్డు ద్వారా సంవత్సరమునకు 5 లక్షల వరకు చికిత్స. ఇదివరకే ఆయుష్మాన్ భారత్ క్రింద ఉన్న కుటుంబములోని వృద్ధులకు ఇది అదనముగా లభించును. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు మాత్రము ఏదో ఒకదానిని ఎన్నుకొనవలెను. తొందరపడి పాతదానిని వదలుకొనరాదు. ఆ రెండు పథకములలో బయటి రోగులకు మందులు కూడ లభించును, వయవందనలో లభింపవు. వయసు ఆధార్ ప్రకారమే లెక్క. మన పెద్దలలో చాలమందికి ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఎవరో అంచనా వేసి వ్రాసినది. 74 ఏండ్ల మనిషి కాగితము మీద 66 ఏండ్లవాడై యుండవచ్చును. ఆధారములున్నచో ముందే సరిచేయించుకొనవలెను. కార్డు చేతికి వచ్చిన పిదప తాము వెళ్లదలచిన ఆసుపత్రి దానిని అంగీకరించునో లేదో కౌంటరు వద్ద అడుగుడు.

సనత్‌నగర్, పటాన్‌చెరు వైపు కర్మాగారములలో పనిచేసి ఊరికి తిరిగి వచ్చినవారు మన గ్రామములలో కొందరు ఉన్నారు. ఈఎస్‌ఐ క్రింద కనీసము ఐదేండ్లు ఉండి పదవీ విరమణ చేసినవారు సంవత్సరమునకు 120 రూపాయలు చెల్లించి భార్యాభర్తలిద్దరును ఆ వైద్యసౌకర్యమును కొనసాగించుకొనవచ్చును. ఈ సంగతి తెలిసినవారు అరుదు.

పైవేవియు వర్తింపనివారు, 60కి 70కి నడుమ నున్నవారు, ప్రైవేటు బీమాను ఆలోచింపవలెను. 2024 నుండి నియమములలో 65 ఏండ్ల వయఃపరిమితి ప్రస్తావన తొలగినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్‌టీ లేదు. వృద్ధుల ప్రీమియమును ఒక సంవత్సరములో 10 శాతము మించి పెంచవలెనన్న సంస్థ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదింపవలెనని 2025 జనవరిలో ఆదేశము వచ్చినది. అయినను ఈ వయసున ప్రీమియము భారమే.

ఇక్కడనే చరకుడు చెప్పిన నాలుగవ గుణము, రోగమును ఉన్నదున్నట్లు చెప్పుట, అక్కరకు వచ్చును. "చక్కెర ఉన్నదని వ్రాయవద్దు, ప్రీమియము పెరుగును" అని సలహా ఇచ్చు ఏజెంట్లు కలరు. అట్లు దాచి పాలసీ తీసికొన్నవాడు ఆసుపత్రిలో చేరినప్పుడు పాత చీటీలు బయటపడును, సొమ్ము నిరాకరింపబడును. కట్టిన ప్రీమియములన్నియు వృథా. నిజము వ్రాసినచో అంతకుముందున్న వ్యాధికి గరిష్ఠముగా 36 నెలలు వేచియుండవలెను, అంతే. ఆ తరువాత దానికిని రక్షణ లభించును. శుక్లములు, హెర్నియా వంటి వాటికి వేరుగా నిరీక్షణకాలము ఉండును. కనుక మోకాలు నొప్పి ముదిరిన తరువాత పాలసీ కొని మరుసటి నెల శస్త్రచికిత్స చేయించుకొందమనుట కుదరదు.

కాగితములో రెండు మాటలను వెదకి చూడుడు. ఒకటి కో-పే. 20 శాతము కో-పే అనగా లక్ష బిల్లులో 20,000 మీరే చెల్లింపవలెను. రెండవది గది అద్దె పరిమితి. అన్ని సంస్థలును అమ్ము 'ఆరోగ్య సంజీవని' అను ప్రామాణిక పాలసీలో గది అద్దె బీమా మొత్తములో రోజుకు 2 శాతము, అదియు 5,000 మించకుండ. రెండు లక్షల పాలసీ గలవానికి రోజుకు 4,000. అతడు 8,000 గదిలో చేరినచో గది అద్దెలో సగము మాత్రమే కాదు, వైద్యుల రుసుము, శస్త్రచికిత్స గది ఖర్చు వంటివి 60,000 అయినచో అందులోను సగము, 30,000, తగ్గించి ఇత్తురు. మందులకు ఈ కోత లేదు. ఏసీ గది కొరకు పట్టుబట్టు కొడుకులకు ఈ లెక్క ముందే చెప్పవలెను. పాలసీ చేతికి వచ్చిన 30 రోజులలో నచ్చకున్నచో తిరిగి ఇచ్చివేయవచ్చును.

మా వైద్యము సంగతి చాలమంది అడుగుచుందురు. ఆయుష్ చికిత్సలను ఇతర చికిత్సలతో సమానముగా చూడవలెనని బీమా నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు ఆదేశించినది. ఇది మాకు సంతోషకరమే. కాని దీని అర్థమును కొందరు సాగదీయుచున్నారు. ఆయుష్ ఆసుపత్రిలో చేరి పొందిన చికిత్సకే సొమ్ము వచ్చును. ఆసుపత్రి అనిపించుకొనుటకు ప్రభుత్వముదో కళాశాలదో కావలెను, లేనిచో కనీసము ఐదు పడకలు, రాత్రింబగళ్లు అర్హుడైన వైద్యుడు, రికార్డులు ఉండవలెను. గండిపేట చుట్టుప్రక్కల ఫారంహౌసులలో పంచకర్మ పేరిట జరుగు తైలమర్దనమునకు ఏ బీమాయు చెల్లదు. నా వద్ద తీసికొను కషాయమునకును చెల్లదు, నేను కూడ ఆ మాటనే చెప్పి పంపుచున్నాను. డబ్బు లేనివారు పంచకర్మ కొరకు ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్లవచ్చును.

అమెరికాలోని పిల్లలు "అక్కడ మెడికేర్ ఉన్నది, ఇక్కడకు రండి" అని తల్లిదండ్రులను పిలుచుట ఇప్పుడు మన పల్లెలలోను వినబడుచున్నది. 1965లో చట్టమై 65 ఏండ్లవారికి ఏర్పడిన ఆ పథకము చూచిపోవుటకు వెళ్లినవారికి వర్తింపదు. గ్రీన్‌కార్డు వచ్చినను ఐదేండ్లు ఎడతెగక అక్కడ నివసించిన పిదపనే సొమ్ము చెల్లించి చేరవచ్చును. అక్కడ పనిచేసి మెడికేర్ సంపాదించుకొని మొయినాబాదులో ఇల్లు కట్టుకొన్నవారికి ఇక్కడి ఆసుపత్రి ఖర్చును అది చెల్లింపదు. వారును ఇక్కడ వేరుగా బీమా చూచుకొనవలసినదే.

ఇక అత్యవసరము. మఱ్ఱిచెట్ల నడుమ సాగు మన రోడ్డు ఎంత ప్రమాదకరమో 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద బస్సు, టిప్పరు ఢీకొన్ననాడు అందరును చూచినారు. రోడ్డు ప్రమాదములో గాయపడినవానికి కార్డు ఉన్నను లేకున్నను, నిర్దేశించిన ఆసుపత్రులలో మొదటి ఏడు రోజులు లక్షన్నర వరకు నగదు లేని చికిత్స ఇచ్చు కేంద్ర పథకము 2025 మే నుండి అమలులో కలదు. ప్రమాదమైనను, ఛాతీనొప్పియైనను, మూతి వంకరపోయినను ముందు 108. శొంఠి కషాయమిచ్చి చూతమని గంట గడపరాదు.

ఆహార భద్రతా కార్డు, ఆధార్, పాలసీ కాగితము, పాత చీటీలు ఒక్క సంచిలో పెట్టి ఇంటిలో అందరికిని తెలిసిన చోట వ్రేలాడదీయుడు. అందులో మీరు వాడుచున్న ఆయుర్వేద ఔషధముల పేర్లు కూడ వ్రాసి ఉంచుడు. గుగ్గులు యోగములు, రసౌషధములు వాడువారు శస్త్రచికిత్సకు ముందు ఆ సంగతి అక్కడి వైద్యునికి చెప్పితీరవలెను. ఏవి ఎన్ని రోజుల ముందు ఆపవలెనో ఆయన చెప్పును, తిరిగి ఎప్పుడు మొదలిడవలెనో మీ వైద్యుని అడుగుడు.