కూఫియా: మన తోటలకు దగిన చిఱుపొద

విద్యార్థులారా! స్కాట్లండు దేశపు కథలు చదువునపుడు “హీదరు” అను చిఱుపొద పేరు మీకు తఱచుగ కానవచ్చును. వేసవి కడపట ఆ దేశపు కొండలును బయళ్లును దీని పూవులతో నిండి, ఊదారంగు తివాసి పఱచినట్లుండును. అట్టి పొద మన యేలూరి ముంగిళ్లలో పెరుగునా యని మీలో కొందఱకు తోచవచ్చును. పెరుగదు, కాని దానిని పోలినది వేఱొకటి పెరుగును. దాని పేరు కూఫియా. దానిని పెంచు విధమును, పెంచువారు మఱవరాని యొక జాగ్రత్తను తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

హీదరును, దానికి దగ్గఱి చుట్టములైన ఎరికా పొదలును పులుపుగల నిస్సారపు నేలలలో పెరుగునవి. ఎరికా జాతులు ఎనిమిదివందలకు పైగా గలవు. అందు చాలభాగము దక్షిణాఫ్రికాయందలి కేప్ ప్రాంతమువే. వీని వేళ్లు వెండ్రుకలకంటె సన్నములు. ఆ వేళ్లలో నొకవిధమైన బూజు నివసించి, బీదనేలనుండి ఆహారమును సంపాదించి చెట్టునకిచ్చును. కొల్లేటి చుట్టునున్న బరువైన నల్లమట్టియు, మన వేసవి యెండయు వీనికి సరిపడవు.

కూఫియా ఈ కుటుంబమునకు చెందినది కాదు. ఆడుపిల్లలు అరచేతులకు పెట్టుకొను గోరింటయు, మనము తినెడి దానిమ్మయు దీని బంధువులు. సుమారు 250 జాతులు గల యీ ప్రజాతికి పుట్టినిల్లు అమెరికా ఖండము. 1756వ సంవత్సరమున పాట్రిక్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పేరు పెట్టెను. పూవు గొట్టము మొదట నొక చిన్న గూనివంటి ఉబ్బు ఉండుటచే, వంపును తెలుపు గ్రీకుమాటనుండి యీ పేరు కల్పింపబడినది.

మన తోటలలో అంచులకు నాటెడి జాతి హిస్సోపిఫోలియా. అనగా హిస్సోపు ఆకులవంటి ఆకులు గలది. ఇది మెక్సికో, గ్వాటిమాలా, హొండురాసు దేశములది. అడుగు మొదలు రెండడుగుల యెత్తు పెరుగును. సన్నని ఆకులు కొమ్మలకు ఒత్తుగ అమరియుండుటచే దూరమునుండి చూచువారికి హీదరే యని భ్రమ కలుగును. ఆఱు రేకుల చిన్నపూవులు లేతయూదారంగున గాని, తెల్లగా గాని, సంవత్సరములో చాలకాలము పూయుచుండును.

ఇక సేద్యము. ఈ మొక్కకు తేమ కావలయును గాని నిలువనీరు పనికిరాదు. ఏలూరి పల్లపునేలలలో వర్షాకాలమున నీరు నిలిచి వేళ్లు కుళ్లును. కావున మడిని జానెడెత్తు పెంచి, ఆ మట్టిలో ఇసుకయు, ఎఱ్ఱమట్టియు, బాగుగ మాగిన పశువుల యెరువును కలుపవలెను. కుండీలో పెంచువారు అడుగున రంధ్రము మూసికొనిపోకుండ పెంకుముక్కలు వేయవలెను. తాడేపల్లిగూడెము మెరకలందలి ఎఱ్ఱనేలలలో కష్టము దీనికి విరుద్ధము: నీరు వెంటనే యింకిపోవును. అచ్చట మొదళ్లచుట్టు ఎండుటాకులు కప్పి, వేసవిలో ప్రతిదినము తడుపవలెను. ఉదయపుటెండ యెల్లచోట్ల మంచిది. రోహిణికార్తె మధ్యాహ్నపుటెండకు కొంచెము నీడ కల్పింపవలెను.

మొక్కలను కడియము మొదలగు చోట్ల నర్సరీలలో అడిగి తెచ్చుకొనవచ్చును. ఒక మొక్క యున్నచో చాలును; వానలు తగ్గిన పిమ్మట పూవులేని లేతకొమ్మలను మూడంగుళముల పొడవున కోసి, క్రిందియాకులు తీసి, తడియిసుకలో గ్రుచ్చి నీడనుంచినచో కొన్ని వారములలో వేళ్లు పుట్టును. వానిని అడుగు దూరమున నాటవలెను. అప్పుడప్పుడు కొనలు త్రుంచినచో పొద గుబురుగ పెరుగును.

ఈ ప్రజాతిలో నొక వింత గలదు. కాయ పండగానే పైప్రక్క చీలి, గింజలను మోయు కాడ వెలికి వంగి, వానిని బయటపెట్టును. గింజలు నేల రాలును. కొన్ని జాతుల గింజలలో కొబ్బరినూనెలోనుండు లారిక్ ఆమ్లము విస్తారముగ గలదు. నూనెకై వీనిని పండింపవలెనని అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయత్నించినపుడు, కోతకు ముందే గింజలు రాలిపోవుట వారికి పెద్ద యాటంకమాయెను.

రైతునకు నష్టమైన యీ గుణమే మొక్కకు లాభము, మనకు హెచ్చరిక. మన కూఫియా హవాయి ద్వీపములలో తోటలు దాటి అడవిమొక్కయై వ్యాపించినది. పూవుల యందమునకై తెచ్చిన మొక్క యేమి చేయగలదో కొల్లేటివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. దక్షిణామెరికానుండి వచ్చిన గుఱ్ఱపుడెక్కయు అట్లు అందమునకై తెచ్చిన మొక్కయే. అది నీటిపై దట్టముగ అల్లుకొని, అడుగున వెలుతురును గాలియు లేకుండ జేసి, చేపలకును, పడవలకును, నీటి పాఱుదలకును అడ్డమగుచున్నది. 2002వ సంవత్సరమున రామ్సర్ ఒడంబడికక్రింద ప్రపంచప్రసిద్ధ చిత్తడినేలలలో నొకటిగ లెక్కింపబడిన సరస్సునకు ఇట్టి బాధ మఱియొకటి రాగూడదు.

కావున కూఫియాను ఇంటి మడిలోను కుండీలోను మాత్రమే పెంచుడు. కాలువగట్లపైనను, సరస్సు అంచులందును నాటకుడు. కత్తిరించిన కొమ్మలను తమ్మిలేటిలోగాని కాలువలలోగాని పాఱవేయక, ఎరువుగుంటలో వేయుడు. తానై మొలచిన పిల్లమొక్కలను పెఱికివేయుడు.

దూరదేశపు పూవును ప్రేమించుట తప్పుగాదు. దానిని ముంగిట నాటినవాడు దాని గింజ యెచ్చట పడుచున్నదో కూడ కనిపెట్టి యుండవలెను. అట్లు చూచువాడే నిజమైన తోటమాలి.