మీకు తెలుసా? జగ్గయ్యపేట, నందిగామలకు సముద్రం దూరం కాదు!

సముద్రం అనగానే మన వైపు చాలామంది "అది బందరువాళ్ల సంగతి" అనేస్తారు. మనది మెట్ట. పత్తి, మిరప పండే నేల. జగ్గయ్యపేట నుంచి బందరు దగ్గరి మంగినపూడి తీరానికి వెళ్లాలంటే విజయవాడ దాటి సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడ్డాక జిల్లా పటంలో కూడా మనకు తీరం లేకుండా పోయింది. అయినా మన కాళ్ల కింది రాయి, మన ఊళ్లను ముంచే వరద, మన ఫ్యాక్టరీల పొగ అన్నీ సముద్రంతో ముడిపడినవే. ఎలాగో చూడండి.

1. మన నేల ఒకప్పుడు సముద్రపు అడుగు

జగ్గయ్యపేట చుట్టుపక్కల క్వారీల్లో తవ్వుతున్న బూడిదరంగు సున్నపురాయి అగ్నిపర్వతం కక్కింది కాదు, నది మోసుకొచ్చిందీ కాదు. లోతు తక్కువైన సముద్రంలో సున్నపు బురద పొరమీద పొరగా పేరుకుని, పైబరువుకు నొక్కుకుపోయి రాయిగా మారింది. కడప, కర్నూలు, పల్నాడు మీదుగా కృష్ణ దాటి మన దాకా పరుచుకున్న ఈ శిలల ప్రాంతాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటారు. మన సున్నపురాయి వయసు 50 కోట్ల ఏళ్ల పైమాటే.

ఇంటి ముందు పరిచిన నాపరాయిని ఒకసారి వంగి, పక్కనుంచి చూడండి. అంచున సన్నని గీతలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో గీత ఒకనాటి సముద్రపు అడుగు. మేకుతో రాతిని గట్టిగా గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం ఒక బొట్టు వేయండి. సున్నపురాయి అయితే చిన్నచిన్న బుడగలు లేస్తాయి. కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో కరిగి, రాతిలో బందీ అయిపోయిన బొగ్గుపులుసు వాయువు అలా బయటికి వస్తుంది.

2. ఆ రాతిలో గవ్వలు ఎందుకు కనిపించవు?

సముద్రపు రాయి కదా, శంఖాలో గవ్వలో ఉండాలి కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ సముద్రం ఉన్న రోజుల్లో పెంకు కట్టుకునే జీవులు ఇంకా విస్తరించలేదు. నీటిలో ఉన్నవి ఎక్కువగా కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటిలో కొన్ని జిగురు పొరలుగా పెరిగి, సున్నాన్ని పట్టి ఉంచి గుమ్మటాల్లాంటి రాళ్లను కట్టాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. మన కడప జిల్లాలోని వేంపల్లె శిలల్లో అవి స్పష్టంగా కనిపిస్తాయి. ఇప్పటికీ బతికి ఉన్న స్ట్రోమటోలైట్లను చూడాలంటే పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే లాంటి చోట్లకు వెళ్లాలి. మనం పీల్చే ప్రాణవాయువును మొట్టమొదట గాలిలో నింపింది ఇలాంటి సముద్ర సూక్ష్మజీవులే.

3. మన బౌద్ధ స్తూపం కూడా సముద్రపు రాయే

జగ్గయ్యపేట పక్కనున్న ధనంబోడు గుట్ట మీది మహాస్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. మాంధాత చక్రవర్తి శిల్పం అక్కడిదే. కాలు చేయి అలంకారంతో సహా అంత సన్నని పని ఆ రాతి మీద ఎలా కుదిరింది? సున్నపురాయి మెత్తగా ఉలికి లొంగుతుంది, రేణువులు సన్ననివి కాబట్టి గీత విరగదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ అయిదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడని శాసనం చెబుతోంది. ఆ శాసనానికి పలకగా పనికొచ్చింది ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న బురదే.

4. వంద కిలోల సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు గాలిలో కలుస్తాయి

జయంతిపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలు ఈ ప్రాంతానికి వచ్చింది ఈ రాయి కోసమే. సిమెంటు బట్టీలో సున్నపురాయిని తీవ్రంగా వేడి చేస్తే అది రెండుగా విడిపోతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు వేస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. ఇది మండించే బొగ్గు నుంచి వచ్చే పొగ కాదు, రాతిలోంచే వచ్చేది. అందుకే బొగ్గు వాడటం మానేసినా సిమెంటు తయారీలో ఈ వాయువు ఆగదు.

అది ఎక్కడికి పోతుంది? మనుషులు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును సముద్రాలు పీల్చుకుంటున్నాయి. అంటే పాత సముద్రం రాతిలో దాచిన వాయువును మనం బట్టీలో విడిపిస్తే, అందులో కొంత ఇప్పటి సముద్రానికి తిరిగి చేరుతోంది. ఇంత వాయువును తక్కువ కాలంలో మింగడం సముద్రానికి మేలు చేయదు. ఆ వాయువు నీటిలో కరిగి ఆమ్లంగా మారుతుంది. పరిశ్రమల యుగం మొదలయ్యాక సముద్రపు పైనీటిలో ఆమ్లగుణం సుమారు 30 శాతం పెరిగింది. నత్తలు, ఆల్చిప్పలు, పగడాలు తమ పెంకును కట్టుకునేది మన సున్నపురాతిలో ఉన్న పదార్థంతోనే. ఆమ్లం పెరిగేకొద్దీ ఆ పెంకు కట్టుకోవడం వాటికి కష్టమవుతుంది.

5. బంగాళాఖాతం కంటే మన రాయే వయసులో పెద్దది

మన సున్నపురాయి పుట్టినప్పుడు బంగాళాఖాతం లేనే లేదు. అప్పుడున్నది వేరే సముద్రం. భారతదేశం అంటార్కిటికా నుంచి విడిపోవడం సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. ఆ చీలికలో తెరుచుకున్నదే నేటి మన తూర్పు సముద్రం. జగ్గయ్యపేట రాయికి అప్పటికే కోట్ల ఏళ్లు నిండాయి.

6. పూజగదిలోనూ సముద్ర జీవులున్నాయి

వేదాద్రిలో నరసింహస్వామికి మొక్కేవారి ఇళ్లలో చాలాచోట్ల సాలగ్రామం ఉంటుంది. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు అమ్మోనైట్లనే సముద్ర జీవుల శిలాజాలు. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. అందులో ఈదిన ఈ జీవులు డైనోసార్లతోపాటే, 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. సాలగ్రామంలో మనం చక్రమని దండం పెట్టేది ఆ జీవి గవ్వ చుట్టనే. ఇక పూజలో ఊదే శంఖం ఇప్పటికీ మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల బతికే సముద్రపు నత్త ఇల్లు.

7. మున్నేరు వరద బంగాళాఖాతంలో పుడుతుంది

2023 జూలై చివర్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద మున్నేరు నీరు జాతీయ రహదారి ఎక్కి పారింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024 సెప్టెంబరు ఒకటి, రెండు తేదీల్లో అదే మళ్లీ జరిగింది. గరికపాడు దగ్గర పాలేరు పొంగి వంతెన దగ్గర రోడ్డు కోసుకుపోయింది. రెండుసార్లూ మూలం ఒక్కటే: బంగాళాఖాతంలో ఏర్పడిన అల్పపీడన వ్యవస్థ. 2024లో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తీరం దాటింది శ్రీకాకుళం జిల్లాలో, ముంపు మాత్రం మన దగ్గర.

ఇలాంటివి బంగాళాఖాతంలోనే ఎక్కువగా ఎందుకు పుడతాయి? అరేబియా సముద్రంతో పోలిస్తే తుపాన్లు ఇక్కడ దాదాపు నాలుగింతలు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ కలిపి మంచినీటిని తెచ్చి ఇక్కడ గుమ్మరిస్తాయి. ఉప్పు తక్కువైన నీరు తేలిక కాబట్టి పైనే పొరగా నిలుస్తుంది. కింది చల్లనీటిని పైకి రానివ్వదు. పైపొర వేడెక్కి ఆ వేడిని నిలుపుకుంటుంది. తుపాన్లకు కావలసిన 26.5 డిగ్రీల కన్నా బంగాళాఖాతం చాలా నెలలు వేడిగానే ఉంటుంది. ఆ వేడి నీరు ఆవిరై, మేఘమై, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మీద కురిసి మున్నేరుగా మన ముందుకు వస్తుంది.

నందిగామలో ఎండ కాస్తున్నా మున్నేరు పొంగవచ్చు. ఎగువన ఖమ్మం జిల్లాలో కురిసిన నీరు మన దగ్గరకు రావడానికి కొంత సమయం పడుతుంది. కీసర దగ్గర వైరా, కట్టలేరు కూడా వచ్చి కలుస్తాయి. "మన దగ్గర వాన లేదులే" అని ఒడ్డున పశువులు, మోటార్లు వదిలేయడం ప్రమాదం.

8. అమావాస్య వరదను ఆపగలదా?

సముద్రపు పోటుపాట్లు చంద్రుడి వల్ల, కొంత సూర్యుడి వల్ల వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఇద్దరి లాగుడూ ఒకే దారిలో ఉంటుంది కనుక పోటు ఎక్కువ. అష్టమి నాటికి తగ్గుతుంది. పోటు వేళ సముద్రం నదీముఖంలో వరద నీటికి ఎదురు నిలుస్తుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు వెళ్లాయి. ఆ రోజు అమావాస్య. కృష్ణ సముద్రంలో కలిసే చోటి దివిసీమలో వరద తీయడం ఆలస్యమైందని వింటే, పంచాంగం కూడా ఒకసారి చూడండి.

9. సునామీ కబురు మన రహదారి మీది హైదరాబాద్ నుంచే వస్తుంది

తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్రం ఉంది. 1999లో ఏర్పడిన ఈ జాతీయ సముద్ర సమాచార సంస్థ హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు పంపుతుంది. 2004 డిసెంబరు 26 సునామీలో మన రాష్ట్రంలోనూ వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 2007 అక్టోబరు 15న సునామీ హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది. సముద్రంలో భూకంపం వస్తే నిమిషాల్లో లెక్కలు కట్టి కబురు పంపుతుంది. నీటి వేడిని, రంగును ఉపగ్రహం నుంచి చూసి చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు చెప్పేదీ ఇదే సంస్థ. 65వ నంబరు రహదారి ఆ హైదరాబాద్‌ను బందరుతో కలుపుతుంది, మధ్యలో మన చిల్లకల్లు, నందిగామ ఉన్నాయి.

10. రొయ్య కూడా సముద్రం దగ్గరికి పురిటికి వెళ్తుంది

పొడవైన నీలం కాళ్లతో కనిపించే నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరుగుతుంది. పిల్లలు బతకాలంటే మాత్రం ఉప్పునీరు కలిసిన నదీముఖం కావాలి. తల్లి గుడ్లతో దిగువకు దిగుతుంది, పిల్లలు పెరిగాక ఎదురీదుతూ పైకి వస్తాయి. దారిలో బ్యారేజీ, ఆనకట్ట అడ్డం వస్తే ఆ రాకపోకలు తెగిపోతాయి. పై నదిలో సహజంగా దొరికే పెద్ద రొయ్య తగ్గిపోవడానికి ఇదొక కారణం.

11. ఆనకట్ట వెనక ఒండ్రు ఆగితే తీరం కోసుకుపోతుంది

దివిసీమ నేలంతా కృష్ణ తెచ్చిన ఒండ్రుతో పుట్టింది. ఎగువ నుంచి మన్ను వచ్చినంత కాలం డెల్టా సముద్రంలోకి జరిగింది. 1967లో నాగార్జునసాగర్, తర్వాత శ్రీశైలం, 2013లో మన ముక్త్యాల దగ్గర 45.77 టీఎంసీల పులిచింతల వచ్చాయి. నీటితోపాటు ఒండ్రు కూడా జలాశయాల్లో నిలిచిపోతోంది. అలలు తీసుకుపోయినంత మన్నును నది తిరిగి ఇవ్వలేక డెల్టా అంచు చాలాచోట్ల వెనక్కి తగ్గుతోంది. దానికి తోడు ఏరుల్లో ఇసుకను హద్దు మీరి తోడితే నష్టం మరింత పెరుగుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయాయి. అలల ఉరుకును తగ్గించే మడ అడవులు నిలబడాలన్నా ఆ ఒండ్రు కావాలి. సాగునీటి కోసం ఆనకట్టలు కట్టుకున్నాం, తప్పు లేదు. దాని ఖర్చులో కొంత తీరం మోస్తోందని గుర్తుంచుకోవాలి.

12. తీరానికి అవతల మండే మంచు ఉంది

2006లో పరిశోధక నౌక కృష్ణా, గోదావరి తీరానికి అవతల లోతు సముద్రంలో తవ్వి గ్యాస్ హైడ్రేట్లను పైకి తెచ్చింది. చల్లని లోతుల్లో, విపరీతమైన ఒత్తిడిలో సహజ వాయువు మంచులో చిక్కుకుని గడ్డకట్టిన పదార్థమిది. అగ్గిపుల్ల గీస్తే మండుతుంది. నదులు మోసుకెళ్లిన మన్నుతోపాటు కూరుకుపోయిన జీవపదార్థమే ఈ వాయువుకు మూలం.

13. సముద్రపు ఉప్పులో మన వాటా ఉంది

సముద్రపు నీటిలో కిలోకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అందులోని సోడియం, కాల్షియం చాలావరకు వాన నేలమీది రాళ్లను కొద్దికొద్దిగా కరిగించగా నదుల్లో కొట్టుకొచ్చినవే. మున్నేరు, పాలేరు కూడా ఆ పని రోజూ చేస్తున్నాయి.

కాబట్టి చివరగా రెండు మాటలు. ఒకటి: బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే, అది తీరంవాళ్లకు అని అనుకోకండి. ఖమ్మం వైపు వాన ఎంత పడుతోందో కనుక్కోండి, మున్నేరు, పాలేరు ఒడ్డున ఉన్నవారికి ఫోను చేయండి, నీరు రోడ్డు మీద పారుతుంటే బండి దింపకండి. రెండు: వంతెన మీద నుంచి పూజ పూలతోపాటు ప్లాస్టిక్ కవరు ఏటిలో వేయకండి. మున్నేరు చందర్లపాడు దగ్గర కృష్ణలో కలుస్తుంది, వరద వచ్చినప్పుడు ఆ కవరు కూడా బందరు సముద్రానికి చేరుతుంది.