పదిహేనేళ్ల వార్తలు, నాలుగు రాత్రుల సీరియల్

బ్రిటన్‌లో 2024 జనవరి 1 నుంచి 4 దాకా వరసగా నాలుగు రాత్రులు ఐటీవీ చానల్‌లో ఒక సీరియల్ వచ్చింది. పేరు 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్'. 10వ తేదీన అప్పటి ప్రధాని రిషి సునాక్ పార్లమెంటులో లేచి, పోస్టాఫీసు కేసుల్లో అన్యాయంగా పడిన శిక్షలను చట్టం చేసి రద్దు చేస్తామన్నారు. మే 24న చట్టం వచ్చేసింది.

నిజానికి సీరియల్‌లో చూపించిన సంగతులు చాలావరకు పాతవే. 1999 నుంచి అక్కడి పోస్టాఫీసుల్లో ఫుజిత్సు కంపెనీ 'హొరైజన్' సాఫ్ట్‌వేర్ పెట్టారు. కౌంటర్‌లో డబ్బు సరిగ్గానే ఉన్నా తక్కువైనట్టు అది చూపించేది. ఆ తేడాను పోస్టాఫీసు నడిపేవాళ్లనే సొంత జేబులోంచి కట్టమనేవారు. 2015 వరకు 900 మందికి పైగా దొంగలని, మోసగాళ్లని శిక్షలు పడ్డాయి. వీళ్లలో చాలామంది ఊళ్లో చిన్న కొట్టుతో పాటు పోస్టాఫీసు నడుపుకునేవాళ్లు.

'కంప్యూటర్ వీక్లీ' పత్రిక 2009లోనే ఇదంతా రాసింది. 2015లో బీబీసీ 'పనోరమా' చూపించింది. బేట్స్ ముందు నిలిచి మొత్తం 555 మంది వేసిన దావాలో, సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబర్‌లో హైకోర్టు తేల్చింది. 2021 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు ఒక్కరోజే 39 మంది శిక్షలు కొట్టేసింది. ప్రతిసారీ వార్త వచ్చింది, జనం అయ్యో అనుకున్నారు, అక్కడితో సరి.

సీరియల్‌లో ఒక సీన్ ఉంది. హాంప్‌షైర్‌లోని ఒక పల్లెలో కొట్టు నడిపే జో హామిల్టన్ లెక్క తేలక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తుంది. వాళ్లు చెప్పిన మీటలు నొక్కుతుంటే, ఆమె చూస్తుండగానే లోటు రెట్టింపవుతుంది. నటి మోనికా డోలన్ ముఖంలో ఆ క్షణాన కనిపించే భయం, సిగ్గు ఏ కోర్టు తీర్పులోనూ పట్టవు. ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చిందని బాధితుల్లో ఎంతోమందికి చెప్పారు. వార్తలో వాళ్లు 900 మంది. ఆ 900 మందిలో ఎంతోమంది ఎవరికి వారే తామొక్కరమే అనుకుని కుమిలిపోయారు. ఆ ఒంటరితనాన్ని అంకె చెప్పలేకపోయింది, సీరియల్ చెప్పింది.

డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన ప్రయోగం దీన్నే పట్టి చూపింది. కొందరి చేతికి 5 డాలర్లిచ్చి, ఇష్టమైతే ఆఫ్రికాలో ఆకలి బాధితులకు ఇవ్వమన్నారు. లక్షల మంది లెక్కలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లిచ్చారు. రోకియా అనే మాలీ దేశపు ఏడేళ్ల పిల్ల గురించి మాత్రమే చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. పిల్ల కథకు లెక్కలూ జోడిస్తే 1.43కు పడిపోయింది. నన్ను కలవరపెట్టేది ఈ మూడో అంకే. అంకె చేరేసరికి అప్పటిదాకా ఉన్న జాలి కూడా తగ్గిపోతోంది.

అలాగని వార్తను చిన్నచూపు చూడలేం. విలేకరులు ఏళ్ల తరబడి తవ్వి తీయకపోతే, బాధితులు కోర్టులో గెలవకపోతే, ఆ సీరియల్‌కు కథే లేదు. హైకోర్టు తీర్పు తర్వాత నాలుగేళ్లకు గానీ ప్రభుత్వం ఈ చట్టానికి పూనుకోలేదంటే అది ప్రభుత్వం తప్పు, తీర్పుది కాదు.

హొరైజన్‌కు ముందు, 1990లలో, కొన్ని పోస్టాఫీసుల్లో 'క్యాప్చర్' అనే మరో సాఫ్ట్‌వేర్ ఉండేది. దానివల్లే మాకు శిక్షలు పడ్డాయంటున్నవాళ్లు ఉన్నారు. ఆ సీరియల్ వాళ్ల కథ కాదు. 2024 చట్టం వాళ్లకు వర్తించదు. ఒక్కొక్కరూ విడివిడిగా, తప్పుడు శిక్షలను పరిశీలించే కేసుల సమీక్ష కమిషన్ గడప తొక్కాల్సిందే.