కడ్డీ అమరిక పరికరాలు (వెన్నెముక శస్త్రచికిత్స)

వెన్నెముక శస్త్రచికిత్సలో వెన్నుపూసలకు బిగించిన స్క్రూల తలలలోనికి లోహపు కడ్డీని చేర్చి, సరైన స్థానంలో నిలపడానికి వాడే సాధనాలను కడ్డీ అమరిక పరికరాలు అంటారు. వీటిలో ముఖ్యమైనది రాడ్ రిడ్యూసర్. దీనినే రాడ్ పర్సువేడర్ అని కూడా అంటారు. కడ్డీ, స్క్రూలు శరీరంలోనే ఉంటాయి. ఈ పరికరాలను మాత్రం పని ముగియగానే తీసివేస్తారు.

చరిత్ర

అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన పాల్ హారింగ్టన్ పోలియో వలన గూని వచ్చిన పిల్లలకు కడ్డీలతో చికిత్స చేసి, 1962లో ఆ పద్ధతిని ప్రచురించాడు. అందులో కడ్డీని ప్రధానంగా రెండు చివరల కొక్కేలతో పట్టించేవారు. 1980వ దశకంలో ఫ్రాన్సు వైద్యులు కోట్రెల్, డ్యుబూసే కడ్డీని అనేక చోట్ల వెన్నుపూసలకు కలిపే పద్ధతిని తెచ్చారు. దీనితో ఒకే కడ్డీని అన్ని బిగింపు స్థానాలకు చేర్చవలసిన అవసరం ఏర్పడింది.

పనిచేసే విధానం

స్క్రూ తలలో కడ్డీ కూర్చోవడానికి గాడి ఉంటుంది. కడ్డీ వ్యాసం సాధారణంగా 5.5 లేదా 6 మిల్లీమీటర్లు. వెన్ను వంకరగా ఉన్నచోట తలలన్నీ ఒకే వరుసలో ఉండవు. అందువలన కడ్డీ కొన్ని గాడులలో కూర్చుని, కొన్నిటికి పైన నిలిచిపోతుంది. రిడ్యూసర్ స్క్రూ తలను గట్టిగా పట్టుకొని, లోపలి గొట్టాన్ని మర తిప్పినట్లు దించుతూ కడ్డీని గాడిలోనికి నొక్కుతుంది. తరువాత ఆ గొట్టం గుండానే మూత మరను బిగిస్తారు. కడ్డీని ముందుగా వంచడానికి రాడ్ బెండర్‌ను, పట్టుకోవడానికి రాడ్ హోల్డర్‌ను వాడతారు.

జాగ్రత్తలు

రిడ్యూసర్ కడ్డీని ఎంత బలంగా కిందికి నొక్కితే, స్క్రూను ఎముక నుండి అంత బలంగా పైకి లాగుతుంది. వృద్ధాప్యంలో ఎముకలు గుల్లబారినవారిలో స్క్రూ ఊడివచ్చే ప్రమాదం ఎక్కువ. అందుచేత కడ్డీని వెన్ను ఒంపుకు తగినట్లు వంచడం, అనేక రిడ్యూసర్లను అమర్చి కొద్దికొద్దిగా, వంతులవారీగా దించడం మేలు. వంకరను సరిచేసేటప్పుడు వెన్నుపాముపై ఒత్తిడి పడవచ్చు. కనుక నరాల స్పందనలను యంత్రాలతో గమనిస్తుంటారు.

సమీప వైద్య సంస్థలు

శ్రీకాళహస్తి ప్రాంతం వారికి ఎముకలు, వెన్నెముక వ్యాధులకు సంబంధించిన పెద్ద వైద్య సంస్థలు తిరుపతిలో ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే బర్డ్ ఆసుపత్రి ఎముకల చికిత్సకు ప్రత్యేకించినది. 1993లో ప్రారంభమైన స్విమ్స్‌లో నాడీ శస్త్రచికిత్స విభాగం ఉంది.